సాదా నికాహ్: మొదటి మాట ఎవరు చెప్పాలి?

మన ఊళ్ళలో ఆడపిల్ల పుట్టిన ఇంట తండ్రి ఆనాటి నుంచే లెక్కలు మొదలుపెడతాడు. చీటీలు కడతాడు. తులమో అర తులమో బంగారం కొని దాస్తాడు. పిల్ల పెరిగి సంబంధం కుదిరే నాటికి ఆ కూడబెట్టినది దేనికీ చాలదు. అప్పుడు వడ్డీకి అప్పు తెస్తాడు, లేదా ఉన్న ఇంటిని తాకట్టు పెడతాడు. ఒక్క పూట వేడుక ముగుస్తుంది. దాని అప్పు మాత్రం ఏళ్ళ తరబడి ఆ ఇంటిని వెంటాడుతుంది. ఆ అప్పు తీరేదాకా చిన్న కూతురి పెళ్ళి మాటే ఎత్తరు.

అల్లాహ్ నికాహ్‌ను మనశ్శాంతికి, ప్రేమకు, కారుణ్యానికి మార్గంగా చేశాడు (దివ్య ఖుర్ఆన్, 30:21). అలాంటి శుభకార్యం ఒక తండ్రికి భయం కలిగించేదిగా ఎలా మారింది? దాన్ని తిరిగి సులభం చేయడానికి మనం ఏం చేయగలం? ఈ పాఠంలో ఈ రెండు విషయాలను పరిశీలిద్దాం.

నికాహ్‌కు నిజంగా కావలసినవి

ముందుగా ఒక కాగితం తీసుకుని షరీఅత్ కోరే వాటిని రాసి చూద్దాం. వధూవరుల ఇష్టపూర్వక అంగీకారం, వధువు తరఫున సంరక్షకుడు (వలీ), ఇద్దరు సాక్షులు, ఈజాబ్-ఖుబూల్, మహర్. వీటికి తోడు నికాహ్ ఖుత్బా, పదిమందికీ తెలిసేలా ప్రకటన, వరుని తరఫున వలీమా మన ప్రవక్త (స) సంప్రదాయాలు. జాబితా ఇంతటితో అయిపోయింది.

ఇందులో షాదీఖానా అద్దె లేదు. స్టేజీ అలంకరణ లేదు. మంజే, సాంచఖ్, బ్యాండు మేళంతో బరాత్ లేవు. జోడా డబ్బులు లేవు. వధువు ఇంటివారు వందల మందికి భోజనం పెట్టాలన్న షరతు కూడా లేదు. ఖర్చంతా ఎక్కడ ఉందో చూస్తే, అది మనం జాబితాకు అదనంగా చేర్చుకున్న వాటిలోనే ఉంది. ధర్మం విధించిన వాటిలో డబ్బుతో కూడినవి మహర్, వలీమా రెండే. ఆ రెండూ వరుడు భరించవలసినవి. వధువు తండ్రి మీద ధర్మం మోపిన ఖర్చు ఒక్కటీ లేదు.

నికాహ్ ఖుత్బాలో పఠించే ఖుర్ఆన్ వచనాలను (3:102, 4:1, 33:70-71) ఒకసారి అర్థంతో చదవండి. మూడు చోట్లా అల్లాహ్ ఒకే విషయం గుర్తుచేస్తున్నాడు, అదే దైవభీతి. ఖుత్బా వింటూ కూర్చున్న మన చుట్టూ ఉన్న ఆర్భాటానికీ ఆ వచనాలకూ ఏమైనా పొంతన ఉందా?

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన నాలుగు పెళ్ళిళ్ళు

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దైవప్రవక్త (స)కు ఎంతో సన్నిహితులు. ఒకరోజు ఆయన బట్టల మీద పసుపుపచ్చని సుగంధ ద్రవ్యపు మరక చూసి విషయమేమిటని ప్రవక్త (స) విచారించారు. ఒక అన్సారీ మహిళను వివాహం చేసుకున్నానని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చానని ఆయన తెలిపారు. ప్రవక్త (స) ఆయనకు శుభం కోరుతూ దుఆ చేసి, కనీసం ఒక మేకతోనైనా వలీమా ఇవ్వమన్నారు (బుఖారీ). ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అదే ఊళ్ళో ఉన్న దైవప్రవక్త (స)కే ఆ పెళ్ళి సంగతి తర్వాత తెలిసింది! నన్నెందుకు పిలవలేదని ఆయన అడగలేదు. ఈ రోజు మేనత్త కొడుకు పెళ్ళికి పిలుపు ఒక రోజు ఆలస్యమైతే ఏళ్ళ తరబడి మాటలు మానేసే మనం ఈ సంఘటన నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

హిజ్రీ 7వ సంవత్సరంలో (క్రీ.శ. 628) ఖైబర్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడారు. దారిలోనే వలీమా జరిగింది. అందులో రొట్టె లేదు, మాంసం లేదు. నేల మీద తోలు దస్తర్‌ఖాన్ పరిచారు. ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చారు. ఒకరు ఖర్జూరాలు, మరొకరు నెయ్యి తెచ్చారు. అన్నీ కలిపి హైస్ అనే వంటకం చేసి అందరూ తిన్నారు. వధువును అలంకరించినది హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి).

హజ్రత్ అబూ ఉసైద్ (రజి) తన వలీమాకు ప్రవక్త (స)ను, సహచరులను పిలిచారు. ఆ రోజు వంట చేసింది, వడ్డించింది కొత్త పెళ్ళికూతురే. రాత్రే ఒక రాతి పాత్రలో ఖర్జూరాలు నానబెట్టి, భోజనమయ్యాక ఆ తియ్యని పానీయాన్ని ఆమె ప్రవక్త (స)కు అందించారు (బుఖారీ).

నాలుగవది ఒక పేదవాని పెళ్ళి. మహర్ ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని ప్రవక్త (స) పంపితే, అదీ దొరకలేదని తిరిగి వచ్చాడు. చివరికి ఆయనకు కంఠస్తమై ఉన్న ఖుర్ఆన్ సూరాలను ఆధారంగా చేసుకుని ప్రవక్త (స) ఆ పెళ్ళి జరిపించారు (బుఖారీ, ముస్లిం).

ఈ నాలుగు పెళ్ళిళ్ళలో పేదవారున్నారు, వర్తకులున్నారు, స్వయంగా ప్రవక్త (స) ఉన్నారు. అన్నిటిలోనూ ఒక పోలిక కనబడుతుంది. ఇంటివారు, మిత్రులు తమ చేతులతో పని చేశారు. ఉన్నదానితో సరిపెట్టుకున్నారు. అమ్మాయి ఇంటి మీద భారం వేయలేదు.

మొదటి మాట వరుని ఇంటి నుంచే రావాలి

ఇక్కడే మనం ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. సాదాగా పెళ్ళి చేసుకోండని మనం సాధారణంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు బోధిస్తాం. కాని ఆ మాట వారి నోట వచ్చిందంటే సంబంధం తప్పిపోతుందేమోనన్న భయం వారిది. ఖర్చు తగ్గిద్దామని వధువు తండ్రి అడిగితే అది పిసినారితనంగా కనబడుతుంది. అదే మాట వరుని తండ్రి అంటే అది ఔదార్యం అవుతుంది. కాబట్టి ఈ సంస్కరణకు తాళంచెవి అబ్బాయి ఇంట్లోనే ఉంది.

అబ్బాయి తరఫువారు తరచుగా చెప్పే మాట ఒకటుంది. 'మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకున్నా మీ ఇష్టం.' వినడానికి ఇది ఎంతో మర్యాదగా ఉంటుంది. అమ్మాయి తండ్రికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎంత పెడితే వారికి తృప్తి కలుగుతుందో ఆయన తానే ఊహించుకోవాలి కదా! ఆ తర్వాత, 'మావాళ్ళు మూడొందల మంది వస్తారు, భోజనాలు కాస్త బాగా చూడండి' అనే మాట కూడా వస్తుంది. ఇలాంటి పెళ్ళిలో కార్డు సాదాగా ఉన్నా, బరాత్ లేకపోయినా అది సాదా నికాహ్ కాదు.

అందుచేత అబ్బాయి, అతని తండ్రి సంబంధం కుదిరిన రోజే స్పష్టంగా నాలుగు మాటలు చెప్పాలి. జోడా డబ్బులు గానీ జహేజ్ గానీ తీసుకోము. నికాహ్ మస్జిదులో జరుగుతుంది, మా తరఫున ఇంతమందే వస్తారు. ఆ రోజు మీ ఇంట భోజనాలు అక్కర్లేదు, ఖర్జూరాలు, షర్బత్ చాలు. వలీమా మేము ఇస్తాము, మీ బంధువులు మా అతిథులుగా రండి. ఈ నాలుగు మాటలు ఒక తండ్రి గుండె మీది బండను దించుతాయి. అమ్మాయి తండ్రి తన సంతోషంతో, తన స్తోమతలో అతిథులకు అన్నం పెడితే తప్పు లేదు. అడిగి పెట్టించుకోవడమే తప్పు.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. అదే చట్టం మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. తెలంగాణలో 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ పథకాన్ని ప్రారంభించినప్పుడు రూ. 51,000 సాయం ప్రకటించారు. 2018లో దానిని రూ. 1,00,116కు పెంచారు. అలాంటి సహాయం ఏది అందినా అది కొత్త సంసారానికి ఆసరా కావాలి గానీ, అబ్బాయి ఇంటి కోరికల జాబితాను పొడిగించకూడదు.

ఎక్కడ తగ్గించాలి?

ఇక పని విషయానికి వద్దాం. పెళ్ళి ఖర్చులు తగ్గించుకోదలచిన కుటుంబం ఈ కింది విషయాలను వరుసగా ఆలోచించాలి.

తేదీ: మనకు ముహూర్తాలు లేవు. ఇది మనకున్న పెద్ద వెసులుబాటు. హైందవ సోదరుల ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో హాళ్ళు, వంటవాళ్ళు, టెంటు సామాను, పూలు అన్నిటి ధరలూ పెరుగుతాయి. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ అవే తక్కువకు దొరుకుతాయి. ఫలానా నెల అశుభమని సఫర్‌ను పక్కన పెట్టడానికి ధర్మంలో ఆధారం లేదు. అరబ్బులు ఒకప్పుడు షవ్వాల్‌లో పెళ్ళిని అశుభంగా భావించేవారు. తన వివాహం, కాపురానికి రావడం రెండూ షవ్వాల్‌లోనే జరిగాయని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (ముస్లిం).

స్థలం: మస్జిదులో అస్ర్ తర్వాత గానీ, జుమా నమాజు తర్వాత గానీ నికాహ్ పెట్టుకుంటే అద్దె ఉండదు. జమాఅతు మొత్తం సాక్షిగా ఉంటుంది, ప్రకటన కూడా దానంతటదే జరిగిపోతుంది. స్త్రీలు కూర్చునేందుకు విడిగా ఏర్పాటు ఉందో లేదో ముందే చూసుకోవాలి. మస్జిదును శుభ్రం చేసి అప్పగించే బాధ్యత ఇద్దరు యువకులకు ఇవ్వాలి.

అతిథులు: ఖర్చును నిర్ణయించేది అన్నిటికంటే ఎక్కువగా అతిథుల సంఖ్యే. ఇద్దరు వియ్యంకులూ కూర్చుని పేర్లు రాయాలి. దగ్గరి బంధువులు, ఇరుగుపొరుగు, పేదవారు ముందు రావాలి. హోదా కోసం పిలిచే పేర్లను చివర రాసి, అవసరమైతే అక్కడి నుంచే కొట్టివేయాలి. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం చాలా చెడ్డ భోజనమని హజ్రత్ అబూ హురైరా (రజి) హెచ్చరించారు. పిలుపుకు ఫోను, సందేశం చాలు. పెద్దవారి దగ్గరకు స్వయంగా వెళ్ళి చెబితే ఖరీదైన కార్డు కంటే అదే వారికి ఎక్కువ గౌరవం.

భోజనం: దైవప్రవక్త (స) తన సతీమణులలో హజ్రత్ జైనబ్ (రజి) వలీమాను అందరికంటే ఘనంగా జరిపారు. అందులో కోసింది ఒక మేక. మరొక సతీమణి వలీమాలో కేవలం రెండు ముద్దుల (అప్పటి కొలత) బార్లీ వాడారు (బుఖారీ). మనమూ ఒక వంటకం, ఒక తీపితో సరిపెట్టుకోవచ్చు. బగారా అన్నం, దాల్చా, పక్కన ఏదైనా కూర చాలు. లేదా బిర్యానీ ఒక్కటే చేసి, డబల్ కా మీఠా పెట్టవచ్చు. కిలో బియ్యం బిర్యానీ ఎనిమిది నుంచి పది మందికి వస్తుంది. వందమందికి పది, పన్నెండు కిలోల బియ్యం వండితే చాలు. డాబా మీదో, ఇంటి ముందు షామియానా కిందో చాపలు, దస్తర్‌ఖాన్ పరిచి యువకులు వడ్డిస్తే క్యాటరింగ్ ఖర్చు తగ్గుతుంది. మిగిలిన అన్నం ఎవరికి చేరాలో వంట మొదలుకాక ముందే మాట్లాడుకోవాలి.

దుస్తులు: హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర ఐదు దిర్హముల విలువ చేసే ఒక దుస్తు ఉండేదట. మదీనాలో ఏ పెళ్ళికూతురిని ముస్తాబు చేయాలన్నా దాన్ని అడిగి తీసుకువెళ్ళేవారు (బుఖారీ). ఒక్కరోజు తొడిగి బీరువాలో పెట్టే షేర్వాణీని, బరువైన లెహంగాను బంధువుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో నామోషీ ఏముంది? ప్రతి మహల్లాలో ఇలాంటి దుస్తులు నాలుగైదు జతలు చేర్చి, అవసరమైనవారికి ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే ఎంతమందికి మేలు జరుగుతుంది!

సంతోషం: సాదా పెళ్ళి అంటే మూగ పెళ్ళి కాదు. బాలికలు దఫ్ వాయిస్తూ పాడుకోవడాన్ని ప్రవక్త (స) అనుమతించారు. మెహందీ అక్కాచెల్లెళ్ళు పెడతారు. మల్లెలు, బంతిపూలు స్నేహితులు కడతారు. డబ్బిచ్చి తెచ్చుకున్న వేడుక కంటే అయినవారు కలిసి చేసిన వేడుకే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఎక్కడ తగ్గించకూడదు?

పొదుపు పేరుతో ఇతరుల హక్కులకు కోత పెట్టకూడదు. ముఖ్యంగా నాలుగు విషయాల్లో జాగ్రత్త వహించాలి.

మొదటిది మహర్. దైవప్రవక్త (స) తన సతీమణులకు ఇచ్చిన మహర్ సాధారణంగా పన్నెండున్నర ఊఖియాలు, అంటే 500 దిర్హములని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (ముస్లిం). అది సుమారు ఒకటిన్నర కిలోల వెండి. నేటి ధరకు లెక్కగడితే లక్ష రూపాయలు దాటుతుంది. అంత సాదాగా పెళ్ళి చేసుకున్న మహనీయులు మహర్‌ను మాత్రం నామమాత్రంగా చూడలేదు. మనమేమో హాలు అద్దె, స్టేజీ డబ్బు ముందుగానే కట్టేసి, మహర్‌ను కాగితం మీద బాకీగా రాసి మరచిపోతున్నాం. పెళ్ళిలో మిగిల్చిన సొమ్ముతో ముందు మహర్ చెల్లించండి. స్త్రీల మహర్‌ను వారికి మనస్ఫూర్తిగా ఇవ్వమన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ (4:4). అయితే స్తోమతకు మించిన అంకె రాయించడం కూడా సరికాదు. సులభంగా జరిగే నికాహ్ ఉత్తమమైనదని ప్రవక్త (స) బోధించారు (అబూదావూద్).

రెండవది అమ్మాయి అంగీకారం. హడావిడి లేకుండా చేస్తున్నామని అడగడం కూడా మానేయకూడదు. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి పెళ్ళి చేశాడని హజ్రత్ ఖన్సా (రజి) ఫిర్యాదు చేస్తే ప్రవక్త (స) ఆ పెళ్ళిని రద్దు చేశారు (బుఖారీ).

మూడవది పనివారి కూలి. వంటవాడు, గిన్నెలు కడిగే అమ్మ, టెంటు కట్టే కుర్రవాడు, వీరి దగ్గర బేరమాడి మిగిల్చిన డబ్బులో శుభం ఉండదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది ప్రవక్త (స) బోధన. అలాగే మన పనులు మనమే చేసుకుందామని చెప్పి ఆ భారమంతా తల్లి మీద, వదినల మీద వేయకూడదు. పెళ్ళి ముగిసేసరికి ఇంటి ఆడవారు మంచం పడితే అది పొదుపు కాదు, ఆ ఖర్చు వారి ఒంటి మీద పడిందంతే. ప్రవక్త (స) ఇంటి పనుల్లో తన ఇంటివారికి సాయపడేవారు (బుఖారీ). ఉల్లిపాయలు తరగడం, సామాను మోయడం, వడ్డించడం, గిన్నెలు తోమించడం మగవారు పంచుకోవాలి. ఎవరి పని ఏమిటో వారం ముందే రాసి గోడకు అంటించాలి.

నాలుగవది రాతపని. వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండి ఉండాలి. నికాహ్‌నామాలో మహర్ ఎంత, అందులో ఇప్పుడు చెల్లించింది ఎంత, బాకీ ఎంత అన్నది స్పష్టంగా రాయించాలి. ఒక ప్రతి తప్పక అమ్మాయి దగ్గర ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేసింది. కాబట్టి నమోదు కూడా వాయిదా వేయకండి. ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని ఉంటే, ఖుర్ఆన్ ఆజ్ఞ ప్రకారం (2:282) సాక్షులతో రాసి పెట్టుకోండి. వడ్డీ అప్పు జోలికి మాత్రం వెళ్ళకండి.

నలుగురు ఏమనుకుంటారు?

ఒక్కగానొక్క కూతురు, ఈపాటి కూడా చేయకపోతే నలుగురూ ఏమనుకుంటారని కొందరు అడుగుతారు. దైవప్రవక్త (స)కు ఫాతిమా (రజి) కంటే ప్రియమైన కూతురు ఎవరు? ఆమె నికాహ్‌కు హజ్రత్ అలీ (రజి) తన యుద్ధ కవచాన్ని మహర్‌గా ఇచ్చారు. కొత్త సంసారానికి అమరినవి ఒక దుప్పటి, ఒక నీటి తిత్తి, గడ్డి నింపిన ఒక తోలు దిండు. ఆమె గౌరవం ఏమైనా తగ్గిందా?

మాకు ఉంది కాబట్టి ఖర్చు చేస్తామని మరికొందరు అంటారు. ఉన్నవారు చేసేది లేనివారికి కొలబద్ద అవుతుందని వారు గమనించాలి. వీధిలో ఒక ధనికుడు ఇరవై రకాల వంటలు పెడితే, ఆ వీధిలోని ఆటో డ్రైవరు తన కూతురి పెళ్ళికి పది రకాలైనా పెట్టకపోతే ఎలా అని దిగులుపడతాడు. వృధా ఖర్చు చేసేవారిని అల్లాహ్ షైతాను సోదరులుగా పేర్కొన్నాడు (17:26-27). దుబారా, పిసినారితనం రెంటికీ మధ్య నిలిచేవారిని ప్రశంసించాడు (25:67). సంపన్నుని ఇంట జరిగే ఒక సాదా నికాహ్ పది ఉపన్యాసాల కంటే బలమైనది. ఆయన మిగిల్చిన డబ్బుతో ఆ వీధిలోనే మరో అమ్మాయి పెళ్ళి జరగవచ్చు.

మనల్ని మనం ప్రశ్నించుకుందాం

1. మా ఇంట్లో పెళ్ళీడు అబ్బాయి ఉన్నాడా? పైన చెప్పిన నాలుగు మాటలు చెప్పడానికి మేము సిద్ధమేనా?
2. నా భార్యకు నేను ఇవ్వవలసిన మహర్ చెల్లించానా?
3. నేను హాజరైన పెళ్ళిలో కూర బాగాలేదని, మర్యాద సరిపోలేదని వెనక మాట్లాడానా?
4. మా మస్జిదులో నికాహ్ జరుపుకునేవారికి చాపలు, వంటపాత్రలు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉందా? లేకపోతే ఎవరు మొదలుపెట్టాలి?

మూడవ ప్రశ్నను తేలికగా తీసుకోకండి. అతిథుల నోటికి జడిసే ఎన్నో కుటుంబాలు అప్పుల్లోకి దిగుతున్నాయి. పిలిచిన ఇంటికి వెళ్ళి, పెట్టింది తిని, శుభం కలగాలని దుఆ చేసి రావడం కూడా సాదా నికాహ్‌కు మనం చేయగల సాయమే.

పెళ్ళి కానివారికి వివాహాలు జరిపించమని, వారు పేదవారైతే తన అనుగ్రహంతో వారిని స్థితిపరులుగా చేస్తానని అల్లాహ్ వాగ్దానం చేశాడు (24:32). ఆ వాగ్దానాన్ని నమ్మి నికాహ్‌ను సులభతరం చేసే సద్బుద్ధిని, ఆడపిల్లల తండ్రుల భారాన్ని తగ్గించే విశాల హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.